బకెట్ మోసే ముందు: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జీ,

ఈ వేసవిలో కాలిఫోర్నియాలోని కార్మెల్ నది ఎండిపోతుంటే అందులో చేపపిల్లల్ని కాపాడే వాలంటీర్లతో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చూసుకోమంటే బురదలో దిగుతుందట, అంతా నీ నేర్పే" అని నా మీద విసుక్కుంది కూడా. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు ఒక పక్క సంబరం, ఇంకో పక్క గుబులు. గుబులే ఎక్కువైంది కాబట్టి రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తా. పర్మిట్ ఉన్న బృందం లేకుండా నీళ్లలో వల పెట్టకు. నువ్వు కాపాడబోయే స్టీల్‌హెడ్ ట్రౌట్ అనే చేపకి 1997 నుంచి చట్టం రక్షణ ఉంది, అనుమతి లేకుండా పట్టడం నేరం. చేతులకు సన్‌స్క్రీన్, దోమల మందు వద్దు. చేపను ముట్టే ముందు చెయ్యి తడుపుకో, పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు ఊడొస్తుంది. గట్టు మీద మూడేసి ఆకులతో పాయిజన్ ఓక్ ఉంటుంది, తగిలితే దద్దుర్లే, ఎంత అందంగా ఉన్నా పక్కకు తప్పుకో. చేపలు కాసేపు సొమ్మసిల్లి చేతికి దొరికేలా వీపున బ్యాటరీ కట్టుకుని నీళ్లలోకి కరెంటు వదిలేవాళ్లు రమ్మనే దాకా గట్టు దిగకు.

ఆ నది ఎందుకు ఎండుతుందో కూడా తెలుసుకుని వెళ్లు, లేకపోతే తప్పంతా వానదే అనుకుంటావు. కాలిఫోర్నియాలో వేసవిలో వానలుండవు, అది నిజమే. కానీ మాంటెరే వైపు ఊళ్ల కోసం ఆ లోయలో బావుల నుంచి ఏళ్ల తరబడి నీళ్లు తోడారు. హక్కుకు మించి తోడుతున్నారని 1995లో రాష్ట్ర జలవనరుల బోర్డు తేల్చింది. 2015లో పైన ఉన్న శాన్ క్లెమెంటే డ్యామ్‌ని తీసేశారు. అయినా కింది భాగంలో ప్రవాహం తెగి, నది గుంటలు గుంటలుగా మిగిలే రోజులు వస్తూనే ఉన్నాయి. వసంతంలో గుడ్లలోంచి వచ్చిన పిల్లలు ఆ గుంటల్లో ఇరుక్కుపోతాయి. వాటిని పట్టి బకెట్లలో మోసుకెళ్లడమే అక్కడి పని.

మీ పెదనాన్న ఇప్పటికీ నవ్వుతారు, "పట్టిన చేపల్ని మళ్లీ వదలడానికి అంత పొద్దున్నే లేవాలా" అని. ఆయన నవ్వులోనూ న్యాయముంది. మన ఊళ్లో చెరువు అడుగంటిందంటే ఊరంతా దిగేది. మా నాన్న లుంగీ ఎగగట్టుకుని తెచ్చిన కొరమీను వాకిట్లో గంగాళంలో మర్నాటి దాకా బతికి ఉండేది. మా అమ్మ పులుసుకి చింతపండు నానబెడుతుంటే అది ఎగిరి గచ్చు మీద పడి కొట్టుకునేది, నేను మంచమెక్కి అరిచేదాన్ని. కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదే! ట్రౌట్ అలా కాదు. దానికి చల్లటి నీళ్లుండాలి, ఆ నీళ్లలో ఆక్సిజన్ ఉండాలి. 10 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 25 డిగ్రీలకొచ్చేసరికి 8 దాకా పడిపోతుంది. వేడికి చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాల్సి వస్తుంది, సరిగ్గా అప్పుడే నీళ్లలో తక్కువ ఉంటుంది. అందుకే ఆ పని తెల్లారగట్లే మొదలుపెడతారు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మాత్రం రెండుసార్లు చదువు.

నేనూ ఆ పనికి వెళ్లిన ఓ జూన్‌లో మాతోపాటు ఒకాయన ఉండేవారు. రిటైరైన ఇంజనీరు, చీమను కూడా తొక్కని మనిషి. ఆ రోజు ఒక గుంటలో మేము అనుకున్నదానికంటే చాలా ఎక్కువ పిల్లలు దొరికాయి. బకెట్లు చాల్లేదు. ఒక్కో బకెట్లో ఇన్నే వెయ్యాలని బయాలజిస్టు పొద్దున్నే చెప్పింది. మధ్యాహ్నానికి ఆ గుంట ఉంటుందో లేదోనని ఈయనకు భయం. నిండిన బకెట్లోనే ఇంకా ఇంకా వేశారు. బకెట్లోకి గాలి బుడగలు పంపే ఏరేటర్ బ్యాటరీ అయిపోయిందన్న సంగతి ఎవరూ చూడలేదు. పిల్లలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే, నీళ్లు వేడెక్కాయనుకుని, తాగే నీళ్ల కోసం ఇంటి నుంచి తెచ్చుకున్న ఐసుముక్కల్ని అందులో కుమ్మరించేశారు. అది కుళాయి నీళ్ల ఐసు. కుళాయి నీళ్లలో క్రిములు చావడానికి కలిపే క్లోరమైన్ ఉంటుంది, చేప మొప్పలకు అది విషం. దానికి తోడు వేడిలోంచి ఒక్కసారిగా చలి. నేను వ్యాన్ దగ్గర్నుంచి ఖాళీ బకెట్లతో వచ్చేసరికి చాలా పిల్లలు వెల్లకిలా తిరిగిపోయాయి.

ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. బయాలజిస్టు మోకాళ్ల మీద కూర్చుని చచ్చినవాటిని లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంది. పర్మిట్ ప్రకారం ఆ లెక్క ప్రభుత్వానికి చెప్పి తీరాలి. ఆయన బకెట్ కడిగి, బోర్లించి, కారెక్కి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

కాబట్టి ఐసు పెట్టాల్సి వస్తే మూత బిగించిన సీసాలోనే పెట్టు. ఏరేటర్ బుడగలు వస్తున్నాయా లేదా అని నడుస్తూనే చూసుకో. పెద్ద పిల్లల్ని, చిన్న పిల్లల్ని ఒకే బకెట్లో వెయ్యకు, మింగేస్తాయి. దించిన చోట వెంటనే ఒంపెయ్యకు, అక్కడి నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతూ అలవాటు చెయ్యి. చెప్పిన లెక్కకు ఒక్కటి మించినా వద్దు. గుంటలో కొన్ని మిగిలిపోతే మిగలనీ.

ఇంత రాసేది నీకు తెలియదని కాదు. పరీక్షలో రెండు మార్కులు తగ్గితే అన్నం మానేసిన పిల్లవి నువ్వు. ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని నీ చేతుల్లోనే పోతాయి. ఆ రోజు నువ్వూ ఆయనలాగే కారెక్కి వచ్చేస్తావేమోనని నా టెన్షన్. రాకు. అక్కడే ఉండి లెక్క రాయించు, ఇంకో బకెట్ అందుకో. బతికినవి స్లీపీ హాలో అనే చేపల పెంపక కేంద్రంలో పెరిగి, చలికాలం వానలకు నదిలోకి వెళతాయి. వీలైతే ఆ వదిలే రోజున కూడా వెళ్లు, నేనూ వస్తాను.

మీ పెదనాన్న తన పాత వేడర్స్, అదే నీళ్లలో దిగేటప్పుడు వేసుకునే పొడుగు రబ్బరు తొడుగు, ఇస్తానంటారు, మొహమాటపడి తీసుకోకు. వాటి అడుగున ఫెల్ట్, అంటే ఉన్నిలాంటి మందపాటి గుడ్డ, ఉంది, ఒక ఏట్లోని నత్తల్ని ఇంకో ఏట్లోకి మోసుకెళ్తుంది. పైగా నీకు వదులు. ఎవరివి వేసుకున్నా నడుముకు బెల్టు బిగించు, జారిపడితే లోపలికి నీళ్లు నిండిపోకుండా ఆపేది అదే. ఖాళీ కడుపుతో దిగకు. చద్దన్నమో, బ్రెడ్డో, ఏదో ఒకటి తిను.

శాన్ హోసే నుంచి చీకట్లో బయల్దేరతావు కదా, ప్రూన్‌డేల్ దగ్గర పొగమంచు ఉంటే స్పీడ్ తగ్గించు. తిరిగొచ్చేటప్పుడు ఎండకు కళ్లు మూతలు పడతాయి. సలినాస్ దాటేలోపు ఒకసారి ఆగి కాఫీ తాగు. ఇంటికి చేరాక ముందు నాకు మెసేజ్ పెట్టు, మీ అమ్మకు నేను చెబుతాలే.

మీ పెద్దమ్మ