ట్యాప్‌లు కట్టేసినా క్యాంపర్ వ్యాన్ పంపు మాటిమాటికీ ఎందుకు తిరుగుతోంది?

ట్యాప్‌లన్నీ కట్టేసినా రాత్రంతా కాసేపటికోసారి పంపు టర్రుమంటోందని, ట్యాంకు నీళ్లు వాసనొస్తున్నాయని, బరంపురంలో మెకానిక్ కొత్త పంపు వేయించమన్నాడని రాశారు. పంపు ఇప్పుడే కొనకండి. మాది రాయగడ. ట్రావెలర్‌లో వంద లీటర్ల ట్యాంకు పెట్టుకుని కోరాపుట్, దేవమాలి వైపు తిరుగుతుంటాం. ఈ గోల మా బండిలోనూ పడ్డాం.

12 వోల్టుల డయాఫ్రం పంపు లైన్లో ప్రెషర్ తగ్గితే తిరుగుతుంది, నిండితే ఆగుతుంది, అంతే. వాడకుండానే తిరుగుతోందంటే నీళ్లు బయటికైనా కారుతుండాలి, పంపు లోపలి చెక్ వాల్వ్ (నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) దాటి ట్యాంకులోకైనా వెనక్కి పోతుండాలి. తేల్చుకోవడానికి పంపు అవుట్‌లెట్ పక్కనే చిన్న బాల్ వాల్వ్ వేయించండి. పంపు ఆగాక దాన్ని మూసి అరగంట చూడండి. పంపు కదలకపోతే పంపు బాగానే ఉన్నట్టు, లీకు ఆ తర్వాతి పైపుల్లో ఉంది. అప్పుడూ తిరిగితే చెక్ వాల్వ్‌లో నలకైనా ఉండాలి, రబ్బరైనా అరిగుండాలి. చాలా మోడళ్లకు ఆ వాల్వ్ కిట్ విడిగా దొరుకుతుంది.

మా బండిలో లీకు గీజరు వెనక ఎల్బో (పైపు మలుపు జాయింటు) దగ్గర తేలింది. సాలూరు ఘాట్ కుదుపులకి క్లిప్పు వదులైంది. చుక్క కింద పడేది కాదు, ప్లైవుడ్ పీల్చేసేది. చేత్తో తడిమితే తెలీదు. ప్రతి జాయింటుకీ టిష్యూ పేపరు చుట్టి, పొద్దున ఏది తడిసిందో చూడండి.

పంపు అసలు ఆగకుండా, ట్యాప్‌లో నీళ్లు గాలితో చిమ్ముతుంటే మాత్రం కథ వేరు. ట్యాంకుకీ పంపుకీ మధ్య గాలి లాగుతోంది. అక్కడి లీకు చుక్క కూడా కారదు. ముందు స్ట్రైనర్ (పంపులోకి నలకలు పోకుండా ఆపే జల్లెడ) కప్పు రింగు చూడండి.

ఇక వాసన. ఫిల్టర్ కార్ట్రిడ్జ్ తీసేసి, నిండు ట్యాంకులో 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రవం వంద లీటర్లకి 100 మి.లీ. చొప్పున కలపండి. అంటే సుమారు 50 పీపీఎం (లీటరుకి 50 మి.గ్రా.) క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్ వద్దు, దాని మడ్డి స్ట్రైనర్‌లో చేరుతుంది. ప్రతి ట్యాప్ నుంచీ, వేడినీళ్ల వైపు కూడా, క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి రాత్రంతా ఉంచండి. పొద్దున మొత్తం ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. ఆ క్లోరిన్ నీళ్లలో వెనిగర్ గానీ యాసిడ్ గానీ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

లీకు దొరికేదాకా పడుకునేముందు పంపు స్విచ్ ఆపేయండి. ఏ జాయింటు క్లిప్పైనా పూర్తిగా ఊడితే ట్యాంకు నీళ్లన్నీ మీ పరుపు కిందికే వస్తాయి.