ఊడదీశాం అన్నారు, ఎవరు ఊడదీశారు?

ప్రశ్న: మాది కావలి. చనిపోవడానికి ముందు ఏడాది మా నాన్నగారు నాకు మౌంటెన్ బైక్ కొనిచ్చారు, ఖరీదు రూ. 68,000. దానికి గీత కూడా పడకూడదని 2024 జూన్ 16న నెల్లూరులో ఒక కార్ డిటైలింగ్ షాపులో ఫ్రేమంతా పారదర్శక ఫిల్మ్ వేయించాను. రూ. 8,500 ఫోన్‌పేలో కట్టాను. టీపీయూ ఫిల్మ్ అని, ఐదేళ్ళు పసుపెక్కదని వాట్సాప్‌లో రాశారు. దసరాకే పసుపెక్కింది. అడిగితే ఇది తీసేసి కొత్తది వేస్తామన్నారు. 2025 సంక్రాంతికి ఊడదీశాం. డౌన్‌ట్యూబ్ (ఫ్రేమ్ కింది ఏటవాలు గొట్టం) మీద, టాప్‌ట్యూబ్ (పై గొట్టం) మీద పెయింట్ కూడా పెచ్చులుగా లేచి వచ్చేసింది. చైన్‌స్టే (చైన్ పక్కన వెనక చక్రం దాకా పోయే గొట్టం) మీద ముక్క మాత్రం ఇంకా అలాగే ఉంది. షాపాయన అప్పటినుంచీ ‘చూద్దాం సార్’ అంటున్నాడు. బిల్లు తీసుకోలేదు. మా బావకు ప్రింటింగ్ ప్రెస్ ఉంది, ఆ షాపు పేరుతో పాత తేదీ బిల్లు కొట్టిస్తానంటున్నాడు. నాకు కొత్త సైకిల్, రూ. 5 లక్షల పరిహారం వస్తాయా? నాన్న గుర్తు పాడైపోయిందని రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ ఉత్తరం పైన కుదించి ఇచ్చాం. అసలు ఉత్తరం మూడు పేజీలు. అందులో మీ నాన్నగారి గురించి ఒకటిన్నర పేజీ, ఉదయగిరి కొండ దారుల్లో, తుమ్మలపెంట ఇసుకలో తొక్కిన రోజుల గురించి ఇంకో పేజీ. కేసును తేల్చే సంగతి మాత్రం ఒక్క మాటలో దాటేశారు: ‘ఊడదీశాం’.

ఎవరు ఊడదీశారండీ? ‘ఊడదీశాడు’ అని రాసి ఉంటే షాపు కుర్రాడని అనుకునేవాణ్ణి. ‘ఊడదీశాను’ అని ఉంటే మీరే అని తెలిసేది. మీరు ‘శాం’ అని వదిలేశారు. పెయింట్ నష్టం మీకు వస్తుందా రాదా అన్నది ఆ ఒక్క అక్షరం దగ్గర ఆగి ఉంది.

ఎందుకో చెబుతాను. ఈ ఫిల్మ్ తీయడానికి ఒక పద్ధతి ఉంది. హెయిర్ డ్రయ్యర్‌తో గానీ హీట్ గన్‌తో గానీ వెచ్చబెట్టి జిగురు మెత్తబడ్డాక, అంచు పట్టుకుని ఫ్రేమ్‌కు దాదాపు ఆనించినట్టే ఉంచి మెల్లగా వెనక్కి లాగాలి. చల్లగా ఉన్నప్పుడు నిటారుగా పీకితే రంగు పైనున్న పారదర్శక పూత, అంటే క్లియర్ కోట్, కూడా లేచి వచ్చే ప్రమాదం ఉంది. షాపు కుర్రాడు షాపులోనే అలా పీకి ఉంటే అది సేవాలోపం, పెయింట్ ఖర్చు షాపు భరించాలి. ఆదివారం మధ్యాహ్నం మీరే ఇంటి వరండాలో కూర్చుని గోటితో పీకి ఉంటే, ఎదుటి లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే. దానికి మీ దగ్గర జవాబు ఉండదు.

మూడోది కూడా ఒకటుంది. షాపాయన ఫోన్‌లో ‘ఏం కాదు, లాగేసి తీసుకురండి’ అంటే, ఆ మాట నమ్మి మీరు తీసి ఉండవచ్చు. అప్పుడు కేసు మళ్ళీ నిలబడుతుంది. కానీ ఆ మాట ఎక్కడో ఒకచోట ఆధారంగా ఉండాలి. వాయిస్ మెసేజ్ ఉందా? ఆ రోజు కాల్ చేసినట్టు ఫోన్‌లో ఉందా? పక్కన ఎవరైనా విన్నారా? వెతకండి. నిజంగా మీరే మీ ఇష్టానికి పీకి ఉంటే ఆ సంగతి దాచకండి. పెయింట్ సంగతి వదిలేసి, ఫిల్మ్ వరకే అడుగుదాం. అది వేరే కేసు, నిజానికి అదే గట్టిది.

ఫిల్మ్ కేసుకు ఎవరు పీకారన్నదానితో పని లేదు. టీపీయూ అంటే పాలీయూరిథేన్ ఫిల్మ్. సాగుతుంది, వంపుల దగ్గర సర్దుకుంటుంది, మంచి రకమైతే ఏళ్ళ తరబడి తెల్లగానే ఉంటుంది. పీవీసీ ఫిల్మ్ చవక, గట్టిగా ఉంటుంది, ఎండకు త్వరగా పసుపెక్కుతుంది. నాలుగు నెలలకే రంగు మారిందంటే మీకు వేసింది పీవీసీయేమోనని నా అనుమానం. అనుమానంతో కేసు గెలవం. వాళ్ళు రాసిన వాట్సాప్ మాట ఒక చేతిలో, ఆ ఫిల్మ్ ముక్క ఇంకో చేతిలో ఉంటే గెలుస్తాం. ఊడదీసిన ఫిల్మ్ ఏం చేశారో మీరు రాయలేదు. చెత్తలో వేసే ఉంటారు. ఇలాంటి ఉత్తరాలు వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. నాన్నగారి జ్ఞాపకమని మూడు పేజీలు రాసినవారు, కేసుకు ప్రాణమైన ముక్కను చీపురుతో ఊడ్చేస్తారు. అదృష్టం బాగుండి చైన్‌స్టే మీద ఒక ముక్క మిగిలింది. దాన్ని ముట్టుకోకండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 లోని 38వ సెక్షన్ ప్రకారం, పరీక్ష చేస్తే గానీ లోపం తేలని వస్తువైతే జిల్లా వినియోగదారుల కమిషనే నమూనా తీసుకుని, సీలు వేసి ప్రయోగశాలకు పంపిస్తుంది. నివేదికకు 45 రోజుల గడువు. పరీక్ష ఫీజు ముందు మీరే కట్టాలి. అందుకే ఆ ముక్క సైకిల్ మీదే ఉండాలి. మీరు తీసి కవరులో వేసి తెస్తే, అది ఆ సైకిల్ మీదిదేనని మళ్ళీ ఋజువు చేసుకోవాలి.

ఇక కాలపరిమితి. 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసుకు దారితీసిన సంగతి, పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి. ఏ రోజు పుట్టింది? మీరు సంక్రాంతి అంటారు. షాపు తరఫు లాయరు దసరా అంటాడు, గట్టివాడైతే ఫిల్మ్ వేసిన రోజే అంటాడు. మనం ఆయన లెక్కే పట్టుకుందాం. 2026 జూన్ 15 లోపు ఫిర్యాదు కమిషన్‌లో ఉండాలి. ‘చూద్దాం సార్’ అన్న మాటకు గడియారం ఆగదు. లాయరు నోటీసు పంపినా ఆగదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఆగదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, షాపాయన మీద మొహమాటంతో ఆగాను అన్నది తగిన కారణం అనిపించుకోదు.

ఇప్పుడు మీ బావగారి ప్రెస్ సంగతి. ఆ మాట నాకు రాయడం ఒక రకంగా మంచిదైంది, ముందే ఆపగలుగుతున్నాను. వేరే షాపు పేరుతో బిల్లు పుట్టించడం భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) ఫోర్జరీ. దాన్ని కమిషన్ ముందు పెడితే అది తప్పుడు సాక్ష్యం, 229వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు. షాపాయన తన అసలు బిల్లు పుస్తకం తెచ్చి నంబరు సరిపోల్చి చూపిస్తే చాలు, ముద్దాయి మీరవుతారు, తోడుగా మీ బావగారు. అయినా ఆ బిల్లు మీకెందుకు? సేవ చేసి బిల్లు ఇవ్వకపోవడమే ఈ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకుకు 30 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వకపోవడమూ అంతే. బిల్లు లేకపోవడం ఇప్పుడు షాపు తప్పు. దొంగ బిల్లు పెట్టారంటే అది మీ తప్పుగా మారిపోతుంది.

బిల్లుకు బదులు ఇవి చాలు: ఫోన్‌పే చెల్లింపు కనబడే బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ సంభాషణ మొత్తం, షాపు బోర్డు ఫోటో. చెల్లింపు ఎవరి పేరున వెళ్ళిందో చూడండి, చాలాసార్లు యజమాని సొంత నంబరుకు వెళ్తుంది. షాపునూ ఆయననూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. వాట్సాప్ స్క్రీన్‌షాట్లతో పాటు అవి ఫోన్‌లో ఉన్నవేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయండి, ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. సైకిల్ కొన్న బిల్లు కూడా కావాలి. ఎందుకంటే రెండో వాదన ‘ఈ ఫ్రేమ్‌కు ముందే రంగు మార్పించారు, ఆ పెయింటే బలహీనం’ అని వస్తుంది. కొత్తలో తీసిన ఫోటోలు దానికి జవాబు.

నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. షాపు చెన్నైలో ఉన్నా మీ నివాసాన్ని బట్టి అక్కడే వేసేవాళ్ళం. మీరు చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు.

కొత్త సైకిల్ రాదు. ఫ్రేమ్ విరగలేదు, పెయింట్ పోయింది. రూ. 5 లక్షలు అడిగితే మీ అసలు కేసు కూడా పలచబడుతుంది. ఫిల్మ్ డబ్బు రూ. 8,500, రీపెయింట్‌కు ఒక మంచి షాపు రాతపూర్వకంగా ఇచ్చిన అంచనా మొత్తం, మానసిక వేదనకు, ఖర్చులకు ఒక మోస్తరు మొత్తం అడగండి. అంచనా తీసుకోండి గానీ రంగు వేయించకండి, కమిషన్ ఫ్రేమ్‌ను చూస్తానంటే చూపించాలి. అల్యూమినియం ఫ్రేమైతే ఇనుములా ఎర్రతుప్పు పట్టదు గానీ కావలి ఉప్పుగాలికి ఒట్టి లోహం మచ్చలు పడుతుంది. ప్రస్తుతానికి సైకిల్‌ను ఇంట్లోనే పెట్టండి.

రేపు మళ్ళీ ఫిల్మ్ వేయిస్తారు, ఆగరని తెలుసు. అప్పుడు బిల్లు మీద ఫిల్మ్ రకం, మందం, కంపెనీ రాయించుకోండి. మందం సాధారణంగా 150 నుంచి 200 మైక్రాన్లు ఉంటుంది. మ్యాట్ ఫ్రేమ్‌కు మ్యాట్ ఫిల్మ్ అని కూడా రాయించండి. రీపెయింట్ చేయించిన ఫ్రేమైతే పెయింట్ పూర్తిగా ఆరేదాకా, ఎన్నాళ్ళో పెయింటర్‌నే అడిగి, ఆగండి. ఫ్రేమంతా కప్పాల్సిన పని కూడా లేదు: రాళ్ళు తగిలే డౌన్‌ట్యూబ్ అడుగు, చైన్ కొట్టుకునే చైన్‌స్టే, కేబుళ్ళు ఒరుసుకునే హెడ్‌ట్యూబ్ (హ్యాండిల్ కింది గొట్టం) చాలు. వీటికైతే మీరే వేసుకోవచ్చు. ఫ్రేమ్‌ను కడిగి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. నీళ్ళలో రెండు చుక్కల బేబీ షాంపూ కలిపి చల్లి, ఫిల్మ్ పరిచి, మధ్యనుంచి అంచులకు నీళ్ళు నెట్టేయాలి. అంచులు వెచ్చబెట్టి, ఒకటి రెండు రోజులు తడి తగలకుండా ఉంచాలి. పాడైతే కేసు వేయడానికి ఎవరూ ఉండరు, అదొక్కటే నష్టం.

ముందు ఈ రోజే చైన్‌స్టే మీది ముక్కను పగటి వెలుతురులో నాలుగు వైపులా ఫోటోలు తీయండి, ఫ్రేమ్ నంబరు కూడా ఒక ఫోటోలో పడాలి. చైన్‌ను కిరోసిన్‌తో తుడిచే అలవాటుంటే కేసు తేలేదాకా మానండి, అది ఆ ముక్కకు తగలకూడదు. ఎవరు ఊడదీశారో మాత్రం ఈసారి పూర్తి వాక్యంలో రాసి పంపండి.