బ్రిటన్ ఈయూ నుంచి బయటికొచ్చినా, మీ వివరాల మీద మీ హక్కు పోలేదు

"బ్రెగ్జిట్ అయిపోయింది కదా అన్నా, జీడీపీఆర్ ఇక్కడ ఇంకా చెల్లుతుందా?" అని కొత్తగా వచ్చిన పిల్లలు తరచూ అడుగుతున్నారు. చెల్లుతుంది. జీడీపీఆర్ అంటే మన వ్యక్తిగత వివరాలను కాపాడే ఈయూ చట్టం. 2020 జనవరి 31న బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వదిలింది. ఆ ఏడాది చివరిదాకా పాత నిబంధనలే నడిచాయి. ఆ తర్వాత అదే చట్టాన్ని యూకే జీడీపీఆర్ పేరుతో సొంతం చేసుకుంది. 2025లో కొన్ని సవరణలు వచ్చాయి గానీ మూలం మారలేదు.

అందులో మీరు ముందుగా తెలుసుకోవాల్సింది సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్. మీ గురించి ఒక సంస్థ దగ్గర ఏమేం వివరాలున్నాయో, ఎవరికి ఇచ్చిందో చెప్పమని అడగొచ్చు. ఒక ఈమెయిల్ చాలు, మామూలుగా ఫీజు ఉండదు. నెలలోగా జవాబివ్వాలి. చిక్కు వ్యవహారమైతే మరో 2 నెలలు తీసుకోవచ్చు.

ఇల్లు వెతికేటప్పుడు మనవాళ్లు పాస్‌పోర్ట్ కాపీలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు అడిగిన ప్రతి ఏజెంటుకీ పంపేస్తారు. ఇల్లు మాత్రం వేరేవాళ్లకు పోతుంది. అలాంటప్పుడు మీ కాగితాలు తీసేయమని రాతపూర్వకంగా అడగండి. ఇంగ్లండ్‌లో మీరు నిజంగానే ఒక ఇంట్లో అద్దెకున్నట్టయితే మాత్రం, రైట్ టు రెంట్ (అద్దెకుండే హక్కు మీకు ఉందో లేదో చూసే తనిఖీ) కాపీలను అద్దె ముగిశాక ఇంకో ఏడాది ఉంచుకోవాల్సిన బాధ్యత ఇంటివాళ్లకు ఉంది.

"వీసా మీద ఉన్నాం, అడిగితే ఇబ్బందేమో" అని టెన్షన్ పడకండి. ఈ హక్కుకు పౌరసత్వంతో పనిలేదు. వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీస్‌నూ అడగొచ్చు. అయితే వలస నియంత్రణకు ఆటంకం కలుగుతుందనుకుంటే కొన్ని వివరాలు ఇవ్వకుండా ఆపుకునే మినహాయింపు ఒకటుంది. అది ఉన్న తీరు చట్టానికి విరుద్ధమని 2021లో అప్పీలు కోర్టు చెప్పింది. ఆ తర్వాత దాన్ని సవరించారే గానీ ఎత్తేయలేదు. నా దృష్టిలో అది అసలు ఉండకూడదు. ఫైల్లో ఏముందో చూడనివ్వకపోతే, తప్పుడు నిర్ణయం మీద మనిషి ఎలా పోరాడతాడు?

డబ్లిన్ వెళ్లేవాళ్లకు దారి వేరు. ఐర్లాండ్ ఈయూలోనే ఉంది కాబట్టి అక్కడి ఫిర్యాదులు డేటా ప్రొటెక్షన్ కమిషన్‌కు వెళ్తాయి. బ్రిటన్ కిందకొచ్చే బెల్‌ఫాస్ట్‌లో ఉంటే లండన్‌లో లాగే అక్కడి సమాచార రక్షణ నియంత్రణ సంస్థ ఐసీఓకు రాయాలి. బ్రిటన్‌లో రక్షణ సరిపోతుందని యూరోపియన్ కమిషన్ 2021 జూన్‌లో ఒప్పుకుంది కాబట్టి ఈ రెండు వైపుల మధ్య సమాచారం సులువుగానే తిరుగుతుంది. బ్రిటన్ అలా గుర్తించిన దేశాల్లో ఇండియా లేదు. మీ జీతం వివరాలను ఇక్కడి కంపెనీ హైదరాబాద్‌లోని మరో కంపెనీకి పంపుతుంటే, సాధారణంగా దానికి తగిన రక్షణ ఒప్పందం ఉండాలి. ఏ ఒప్పందం కింద పంపుతున్నారని హెచ్‌ఆర్‌ను నిస్సంకోచంగా అడగండి.

ముందు ఆ సంస్థకే ఫిర్యాదు చేయండి. తేదీ కనిపించేలా ఈమెయిళ్లన్నీ దాచుకోండి. జవాబు రాకపోతే ఐసీఓకు వెళ్లండి. నష్టపరిహారం మాత్రం ఐసీఓ ఇప్పించదు. అది కావాలంటే కోర్టుకే వెళ్లాలి.