మీ అమ్మకి ఆ మాట ఇప్పుడే చెప్పకు

చి. స్రవంతికి, మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి "దానికి ఐఎఫ్ఎస్, అదే ఫారిన్ సర్వీస్, వచ్చిందిరా, ఇక అమెరికాకి అంబాసిడరే" అంది. మన వీధిలో అంబాసిడర్ అంటే ఇప్పటికీ సగం మందికి తెల్ల కారే. కారు కాదు, రాయబారి అని చెప్పి, మిగతాది నీకే రాస్తానన్నాను. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాను. గుమాస్తాగా చేరి అటాషేగా, అంటే ఎంబసీలో ఒక చిన్న అధికారిగా రిటైరయ్యాను. కానీ ఆ కుర్చీలోకి వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ ముప్పై ఏళ్లు చూశాను.

రాయబారి ఉద్యోగానికి దరఖాస్తు ఉండదమ్మా. నియామకం రాష్ట్రపతి పేరు మీద జరుగుతుంది. పేరు తేలేది మాత్రం ఫారిన్ సెక్రటరీ, విదేశాంగ మంత్రి, ప్రధాని దగ్గర. మన పార్లమెంటులో దానికి ఓటింగు లేదు. అమెరికాలో అయితే సెనేట్ ఒప్పుకోవాలి. గార్సెట్టీ అనే ఆయన్ని రాయబారిగా ఢిల్లీకి పంపుతామని 2021 జులైలో చెప్పారు, ఓటు పడేసరికి 2023 మార్చి వచ్చింది. ఇక్కడ వాళ్ల ఎంబసీలో ఆ కుర్చీ రెండేళ్లకి పైగా ఖాళీ.

చిన్న ఎంబసీలకి పదిహేను ఇరవై ఏళ్ల సర్వీసుతో పంపుతారు. వాషింగ్టన్, మాస్కో, బీజింగ్ లాంటివి బాగా సీనియర్లకే. బయటివాళ్లనీ వేస్తారు, దానికి మొహం మాడ్చుకోకు. ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గా చేసిన రాధాకృష్ణన్‌గారు 1949లో మాస్కో వెళ్లారు. సైన్యాధిపతిగా రిటైరైన దల్బీర్ సింగ్ సుహాగ్ 2019లో సీషెల్స్‌కి హైకమిషనర్ అయ్యారు. హైకమిషనర్ అన్నా రాయబారే, కామన్వెల్త్ దేశాల్లో ఆ పేరుతో పిలుస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. ఢిల్లీలో పేరు తేలినా పని అయినట్టు కాదు. అవతలి దేశం సరేననాలి. దాన్ని అగ్రెమా అంటారు. దిగిపోతున్న మన రాయబారే సాధారణంగా కొత్తాయన బయోడేటా పట్టుకెళ్లి వాళ్ల విదేశాంగ శాఖలో గుట్టుగా ఇచ్చి వస్తాడు. వద్దనుకుంటే కారణం చెప్పక్కర్లేదని 1961 నాటి వియన్నా ఒప్పందంలోనే ఉంది. అచ్చం పెళ్లి సంబంధమే. తాంబూలాలు పుచ్చుకోకముందే ఊరంతా చెప్పుకుంటే ఏమవుతుందో ఇజ్రాయెల్‌ని అడుగు. 2015లో బ్రెజిల్‌కి దానీ దయాన్ అనే ఆయన్ని పంపుతున్నామని బయటికి చెప్పేశారు. ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో స్థిరపడిన ఇజ్రాయెలీలకి నాయకుడిగా చేసిన మనిషి. బ్రెజిల్ అవుననలేదు, కాదనలేదు. నెలలు గడిచాయి. చివరికి ఆయన్ని న్యూయార్క్‌కి కాన్సుల్ జనరల్‌గా, అంటే అక్కడి తమ కాన్సులేటుకి పెద్దగా పంపుకున్నారు. అందుకే నీ పేరు ఎక్కడికో వెళ్లిందని చెవిన పడినా మీ అమ్మకి చెప్పకు. ముఖ్యంగా మీ అమ్మకి! అగ్రెమా వచ్చాక మన శాఖే రెండు లైన్ల ప్రకటన ఇస్తుంది, "త్వరలో బాధ్యతలు స్వీకరిస్తారు" అని.

ఆ తర్వాత కాగితాలు. రాష్ట్రపతి సంతకంతో రెండు లేఖలు వెంట వెళ్తాయి, పాతాయన్ని వెనక్కి పిలుస్తున్నట్టు ఒకటి, కొత్తాయన్ని నమ్మమని ఒకటి. నేనొక రాజుగారి దేశంలో ఉన్నప్పుడు ఆ రెండో లేఖలో రాజుగారి బిరుదుల్లో ఒకటి ఎగిరిపోయింది. నకలు వాళ్ల ప్రోటోకాల్ ఆఫీసులో ఇచ్చింది నేనే. అక్కడి ఆఫీసరు చదివి, ఆ చోట పెన్సిల్‌తో సన్నటి గీత గీసి, నవ్వుతూ తిరిగి నా చేతిలో పెట్టాడు. నా చొక్కా చెమటతో తడిసిపోయింది. కొత్త లేఖ డిప్లొమాటిక్ బ్యాగులో, అంటే ఎంబసీ టపా సంచిలో, వచ్చేదాకా మా సారు పదకొండు రోజులు ఇంట్లో కూర్చుని పాత పేపర్లు తిరగేశారు. ఈలోగా ఇంకో దేశం రాయబారి తన పత్రాలు ఇచ్చేశాడు. రాయబారుల్లో ఎవరు ముందన్నది ఆ తేదీని బట్టే. దాంతో మూడేళ్లపాటు ప్రతి విందులో ఆయన మా సారుకంటే ఒక కుర్చీ ముందు! నీ కాగితాలు నువ్వే చదువుకో, నాలాంటి వాడు చదివాడని ఊరుకోకు.

త్వరలో నిన్ను నేర్చుకోవడానికి ఏ విదేశీ భాష కావాలని అడుగుతారు. ఫ్రెంచ్ అని ఎగబడకు. అరబిక్ గురించి ఆలోచించు. కరీంనగర్, జగిత్యాల, కోనసీమ, కడప నుంచి వెళ్లినవాళ్లు గల్ఫ్‌లో పాస్‌పోర్టు లాక్కున్నారనో, అన్న శవాన్ని ఇంటికి పంపాలనో ఎంబసీ గుమ్మంలో నిలబడతారు. వాళ్ల మాట తెలుగులో విని, అరబిక్‌లో అవతలివాడికి చెప్పగలిగే ఆఫీసర్లని నేను ఎక్కువమందిని చూడలేదు. భాష నిన్ను అక్కడే కట్టిపడేస్తుందన్న భయం కూడా వద్దు. జైశంకర్‌గారు రష్యన్‌తో మొదలుపెట్టి చైనాకీ అమెరికాకీ రాయబారిగా వెళ్లారు.

ఆడపిల్లవని ఎవరైనా ఏ పోస్టింగో తప్పించబోతే ముత్తమ్మగారి పేరు గుర్తు చేసుకో. ఐఎఫ్ఎస్‌లో తొలి మహిళ. పెళ్లికి ప్రభుత్వం అనుమతి తీసుకోవాలనే రూలు అప్పట్లో ఆడవాళ్లకే ఉండేది. ప్రమోషన్ ఆపారని ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్లింది, 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ రూల్స్‌ని గట్టిగానే తప్పుపట్టారు.

భాష ఫారం నింపే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం రెండు దాటాక చెయ్యి, అప్పుడు మీ అత్త పడుకుంటుంది.

మీ మావయ్య