నీ కథను పక్కవాడి చేత చదివించు

ప్రియమైన తమ్ముడూ,

కాలేజీ సాహితీ సమితిలో చేరనా, ఆ సమయమేదో గదిలో కూర్చుని రాసుకోనా అని అడిగావు. చేరు. రాసుకోవడానికి రాత్రులు ఎలాగూ ఉంటాయి. నీ ఈడువాళ్లు, నీలాగే సాహిత్యమంటే పడిచచ్చేవాళ్లు, నువ్వు రాసింది చివరిదాకా వినేవాళ్లు కాలేజీ దాటాక అంత తేలిగ్గా దొరకరు.

అయితే ఎందుకు చేరుతున్నావో తెలుసుకుని చేరు. చాలా సమితులకు ఏడాదంతా వార్షికోత్సవం హడావిడితోనే సరిపోతుంది. అతిథులు, బ్యానర్లు, పోటీలు, ఫొటోలు. అవీ ఉండాల్సిందే, వాటిని చూసే కొత్తవాళ్లు అటువైపు తొంగిచూస్తారు. కానీ సమితికి ప్రాణం మరోచోట ఉంటుంది. క్లాసులు అయిపోయాక ఖాళీ గదిలో నలుగురు కూర్చుని ఒకరి రాతప్రతిని ఒకరు తరచి చూసుకోవాలి. అలాంటి సమావేశం మీ దగ్గర లేకపోతే నువ్వే మొదలుపెట్టు. ఇద్దరు తోడొస్తే చాలు.

అక్కడ నీ కథను నువ్వు చదవకు, పక్కవాడి చేత చదివించు. ఎక్కడ ఆగాలో, ఏ మాట ఒత్తి పలకాలో నీకు ముందే తెలుసు కాబట్టి నీ గొంతు లోపాలన్నిటినీ కప్పేస్తుంది. వాడికి అవేమీ తెలియవు. వాడు తడబడి వాక్యాన్ని మళ్లీ మొదటినుంచి అందుకున్న చోట పెన్సిల్‌తో గీత పెట్టుకో. ఏ మాట ఎవరు అంటున్నారో తేలక తలెత్తి చూశాడా, అక్కడ ఇంకో గీత. చదవడం అయ్యాక నోరు విప్పకు. "అసలు నా ఉద్దేశం ఏమిటంటే" అని నువ్వు అందుకున్నావో, విమర్శ ఆగిపోయి మర్యాదలు మొదలవుతాయి. అందరూ మాట్లాడాక ఒక్కటే అడుగు: "ఎక్కడ విసుగొచ్చింది?" బాగుందని ఊరుకున్నవాణ్ణి వదలకు, ఏ వాక్యం బాగుందో చూపించమను.

ఇతరుల వంతు వచ్చినప్పుడు ఇంతకు రెట్టింపు శ్రద్ధ పెట్టు. నా మటుకు నాకు సొంత రాత దిద్దుకునే చూపు అక్కడే అబ్బింది. తోటివాడి కథలో ఏదో కుదరలేదని తెలుస్తుంది, అదేమిటో వాడి మనసు నొప్పించకుండా చెప్పాలంటే ముందు మనకు స్పష్టంగా తెలియాలి కదా.

కుర్రాళ్ల సంఘాలతో ఏమవుతుంది అనేవాళ్లు నీకు తగులుతారు. కలకత్తా హిందూ కాలేజీ విద్యార్థులతో 1828లో అకడమిక్ అసోసియేషన్ మొదలైనప్పుడు, దాన్ని నడిపించిన కవి, ఉపాధ్యాయుడు డెరోజియోకు పందొమ్మిదేళ్లు. మతాన్నీ ఆచారాలనూ సైతం ప్రశ్నిస్తూ అక్కడ వాదించుకున్నారు. పెద్దలు బెదిరిపోయి 1831లో ఆయన కొలువు వదిలేలా చేశారు. ఆ ఏడాది చివర్లోనే ఆయన చనిపోయాడు. ఆయన శిష్యులు యంగ్ బెంగాల్ పేరుతో చరిత్రకెక్కారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1813లో పుట్టిన విద్యార్థుల సాహితీ సంఘం ఫిలోమథియన్ సొసైటీ సంగతి చూడు. అందులోని ముగ్గురు విద్యార్థులు మూడు లిపుల్లో చెక్కిన ప్రాచీన ఈజిప్టు రాతి శాసనాన్ని, రోసెట్టా శాసనాన్ని అనువదించారు, 1858లో దాన్ని రంగుల బొమ్మలతో అచ్చు వేయించారు. ఆ వయసులో అంత పనికి దిగే ధైర్యం ఒంటరిగా కూర్చుంటే రాదని నా నమ్మకం.

పదవులకు పోటీపడకు. సమావేశంలో ఎవరేమన్నారో నమోదు చేసే మినిట్స్ పుస్తకం రాసే పని మాత్రం అడిగి తీసుకో. గంటసేపు సాగిన వాదనను, ఎవరి మాట వాళ్లదిగా ఉంచుతూ, అరపేజీలోకి తేవడం కంటే వచనానికి మంచి సాధన నాకు కనపడలేదు. గోడపత్రిక బాధ్యత నీ మీద పడితే ఏదో ఒకరోజు ప్రాణస్నేహితుడి కవితనే తిప్పి పంపాల్సి వస్తుంది. చాటుగా పక్కన పెట్టేయకు, కారణం రాసి వాడి చేతికే ఇవ్వు. ముఠాలు కడతారు, వాటి జోలికి పోకు.

నువ్వు పంపిన కథ గురించి ఇప్పుడేమీ చెప్పను. ముందు సమితిలో చదివించు. గీతలు పెట్టుకున్న ఆ ప్రతినే, దిద్దకుండా, నాకు పంపు.

ప్రేమతో,
అన్నయ్య