నాన్న పోయినప్పుడు రాని ఏడుపు

ప్రశ్న: నా వయసు 39 ఏళ్లు. పాటలూ సినిమాలూ లేకుండా నాకు రోజు గడవదు. విన్న పాట గురించో చూసిన సినిమా గురించో ప్రతి రాత్రీ నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు రాసుకోవడం పన్నెండేళ్లుగా అలవాటు. చిన్నతనం నుంచి నేను ఆరాధించిన ఒక గాయకుడు ఈమధ్య చనిపోయారు. ఆ గొంతును నాకు పరిచయం చేసింది మా నాన్నే. రెండు రోజులు తిండి సహించలేదు, ఏడుపు ఆగలేదు. ఇప్పటికీ ఆయన పాట ఒక్కటి కూడా వినలేకపోతున్నాను. మావారు విసుగుతో, "మీ నాన్న పోయినప్పుడు కూడా నువ్వు ఇంత ఏడవలేదు" అన్నారు. అది నిజం కావడమే నన్ను తినేస్తోంది. మూడేళ్ల క్రితం నాన్న పోయినప్పుడు అమ్మను పట్టుకోవలసిందీ, పనులన్నీ చూసుకోవలసిందీ నేనే. అప్పుడు ఏడుపు రాలేదు. మావారికి పాటలంటే ఏ ఆసక్తీ లేదు, నాది చిన్నపిల్లల చేష్ట అంటారు. పద్నాలుగేళ్ల మా అమ్మాయి కూడా నాతో కలిసి వినడం మానేసి, తలుపు వేసుకొని ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటోంది. తను వినేది నా దృష్టిలో సంగీతమే కాదు, ఆ మాట తనతో అనేశాను కూడా. ఎన్నడూ కలవని మనిషి కోసం ఇంతగా కుమిలిపోతున్నానంటే నాకేమైనా జబ్బు ఉందా? ఇంట్లో ఒంటరినైపోయానని అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, జబ్బు ఉందా అన్న ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే ఆ భయం తొలగితే తప్ప మిగతా మాటలు మీ మనసుకు ఎక్కవు. మీరు రాసినదాన్ని బట్టి మీకు జబ్బు ఉందని నాకు అనిపించడం లేదు. తెరమీదా రేడియోలోనూ మాత్రమే తెలిసిన మనిషితో శ్రోతకు ఏర్పడే ఈ ఏకపక్ష సాన్నిహిత్యానికి డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1956లోనే పేరు పెట్టి వివరించారు. ఆ మనిషికి మనం తెలియకపోయినా, ఏళ్ల తరబడి మన ఒంటరి వేళల్లో, ప్రయాణాల్లో, నిద్ర పట్టని రాత్రుల్లో ఆ గొంతు మనతో ఉంటుంది కాబట్టి, మన మనసు దాన్ని పరిచయస్తుల జాబితాలోనే చేర్చుకుంటుంది. అలాంటి గొంతు ఆగిపోయినప్పుడు ఏడుపు రావడం మనిషికి సహజమే. అభిమానం మీ ఉద్యోగాన్నో, నిద్రనో, డబ్బునో, ఇంటి బాధ్యతలనో మింగేస్తూ ఉంటే నేను మరో విధంగా ఆలోచించేదాన్ని. రాత్రి నాలుగు వాక్యాలు రాసుకొని పడుకొనే మనిషి విషయంలో అలాంటి అనుమానానికి చోటు లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదివాను, ప్రతిసారీ ఒకే వాక్యం దగ్గర ఆగాను: "ఆ గొంతును నాకు పరిచయం చేసింది మా నాన్నే." ఆ వాక్యాన్ని మీరు రాసి వెంటనే ముందుకు వెళ్లిపోయారు. నాన్నగారు పోయినప్పుడు మీరు చేసింది కూడా అదే అని నాకు అనిపిస్తోంది. అప్పుడు అమ్మగారిని ఎవరో ఒకరు పట్టుకోవాలి, వచ్చినవారికి సమాధానం చెప్పాలి, కాగితాలు చూసుకోవాలి, ఆ పనులన్నీ మీ భుజాల మీదే పడ్డాయి. అలాంటి స్థితిలో ఏడవకపోవడాన్ని ప్రేమ లేకపోవడంగా లెక్క వేయకండి. నిలబడవలసిన సమయంలో కొందరి మనసు ఏడుపును వాయిదా వేస్తుంది. వాయిదా పడినది ఎప్పుడు, ఏ దారిలో బయటికి వస్తుందో మన చేతిలో ఉండదు. మీ విషయంలో అది మూడేళ్ల తరువాత, నాన్నగారు చేయి పట్టుకొని చూపించిన దారిలోనే వచ్చింది. ఆ రెండు రోజులూ మీరు ఏడ్చింది గాయకుడి కోసమే అయినా, ఆయన ఒక్కడి కోసమే కాదని నా నమ్మకం.

పాటకూ జ్ఞాపకానికీ ఉన్న ఈ ముడి గురించి చెప్పుకోదగ్గ పరిశోధన ఉంది. 2009లో పీటర్ జనాటా అనే శాస్త్రవేత్త, కొందరికి వారి బాల్యంలోనూ కౌమారంలోనూ ప్రచారంలో ఉన్న పాటల ముక్కలు వినిపిస్తూ మెదడు పనితీరును చిత్రించారు. తమ జీవితంలోని ఏదో ఘట్టాన్ని గుర్తుకు తెచ్చిన పాట వినబడినప్పుడు, నుదుటి వెనుక ఉండే మెదడు భాగంలో చురుకుదనం పెరగడం ఆయన గమనించారు. మనం ఎవరమో, మనకు ఏం జరిగిందో అన్న స్పృహతో సంబంధం ఉన్న భాగం అది. అంటే పాట చెవిలో పడగానే మనిషీ చోటూ కాలమూ కలిసి లేచి వస్తాయన్న మీ అనుభవం కల్పన కాదు. ఆ గాయకుడి పాట ఇప్పుడు వినలేకపోతున్నారంటే, ఆ తలుపు వెనుక ఎవరు నిలబడి ఉన్నారో మీ మనసుకు తెలుసు.

మీవారు అన్న మాట కటువైనదే. దుఃఖంలో ఉన్న మనిషికి లెక్కలు చూపించకూడదు. సమాజం దుఃఖంగా ఒప్పుకోని దుఃఖం ఒకటి ఉంటుందని 1989లో కెన్నెత్ డోకా అనే ఆచార్యుడు రాశారు: పెంపుడు జంతువు చనిపోయినవారూ, బయటికి చెప్పుకోలేని బంధం తెగిపోయినవారూ, నిలవని గర్భాన్ని తలచుకొనేవారూ ఇటువంటి బరువును ఒంటరిగా మోస్తారు. ఇంత చిన్నదానికి ఏడుపా అన్న ఒక్క మాట చాలు, ఏడ్చే మనిషి తన బాధతో పాటు సిగ్గును కూడా మోయవలసి వస్తుంది. మీకు జరిగింది అదే, అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

అయినా ఆ మాటను మరొక్కసారి, ఈసారి కోపం పక్కన పెట్టి వినమని అడుగుతున్నాను. మూడేళ్ల క్రితం మీరు ఏడవలేదని ఆయనకు గుర్తుంది. అంటే అప్పుడు ఆయన మిమ్మల్ని గమనిస్తూనే ఉన్నారు. భార్య తండ్రి పోయిన ఇంట్లో, ఆమె ఎప్పుడు కూలబడితే అప్పుడు పట్టుకోవాలని ఎదురుచూసి, ఆ అవకాశమే రాక, ఇప్పుడు తనకు ఏమాత్రం తెలియని లోకం కోసం ఆమె కూలబడుతుంటే పక్కన నిలబడిపోయిన మనిషి ఆయన కావచ్చు. ఇది నా ఊహ మాత్రమే; నిజమేమిటో ఆయన్ను అడిగితేనే తెలుస్తుంది. నా దగ్గరికి వచ్చిన దంపతుల్లో ఇలాంటి మాటల వెనుక అసూయ కంటే నిస్సహాయత ఉండడమే నేను ఎక్కువగా చూశాను.

పాటలంటే ఆయనకు ఆసక్తి లేకపోవడం గురించి ఒక మాట. వినికిడి చక్కగా ఉండి, దిగులు జబ్బు వంటివి ఏవీ లేకుండా, జీవితంలోని మిగతా సుఖాలను అందరిలాగే ఆస్వాదిస్తూ, సంగీతం నుంచి మాత్రం ఏ ఆనందమూ పొందనివారు కొందరు ఉంటారని బార్సిలోనా పరిశోధకులు 2014లో ప్రచురించారు. మీవారు ఆ కోవలోనివారని నేను అనడం లేదు. సంగీతానికి స్పందించే గుణం మనుషులందరిలో ఒకే పాళ్లలో ఉండదన్నది మాత్రం నిజం. మీకు ఒళ్లు పులకరించే చోట ఆయనకు వట్టి శబ్దమే వినబడవచ్చు. మీరు పాట పెట్టి ఆయన ముఖం వైపు చూస్తూ కూర్చుంటే, తనకు తెలియని భాషలో పరీక్ష రాయమన్నట్టు ఆయనకు అనిపించి ఉండవచ్చు. ఇన్నేళ్లలో మీరు ఆ పని ఎన్నిసార్లు చేసి ఉంటారో ఒకసారి ఆలోచించండి. ఆ పాట ఎంత గొప్పదో ఆయనకు నిరూపించే ప్రయత్నం ఇకమీద మానేయండి. దానికి బదులు, ఆ పాటలో మీకు ఏం దొరుకుతుందో చెప్పండి. "నువ్వన్న మాట నిజమే, నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదు. ఈ గొంతు వింటే నాన్న పక్కన కూర్చున్నట్టు ఉండేది. ఇప్పుడు ఆ గొంతు కూడా పోయింది. ఆ మాట అన్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది, కానీ నాన్న గురించి మాట్లాడుకోవాలని ఉంది" అని, ఆయన తీరికగా ఉన్న వేళ చూసి, మీ మాటల్లోనే చెప్పండి. పాటల మీద ఆసక్తి లేని మనిషికైనా మామగారి గురించి చెప్పడానికి నాలుగు జ్ఞాపకాలు ఉంటాయి.

మీ అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి నేను మీతో కొంచెం నిక్కచ్చిగా మాట్లాడవలసి ఉంది. మీవారు మీ అభిమానాన్ని చిన్నపిల్లల చేష్ట అన్నప్పుడు మీకు కలిగిన నొప్పి, మీరు తన పాటల్ని సంగీతమే కాదన్నప్పుడు ఆ పిల్లకూ కలిగింది. పైగా ఆ మాట అన్నది ఇంట్లో సంగీతం విలువ తెలిసిన ఏకైక మనిషి. తండ్రి కాదంటే పట్టించుకొనేది కాదేమో, మీరు కాదన్నారు కాబట్టి తలుపు వేసుకుంది. పద్నాలుగేళ్ల పిల్లలకు పాట కాలక్షేపం మాత్రమే కాదు. తమకే సరిగా అర్థం కాని కోపానికీ దిగులుకూ ఇష్టానికీ వాళ్లకు దొరికే మొదటి మాటలు చాలాసార్లు ఆ పాటల్లోనే ఉంటాయి. మీ పాటలే గొప్పవని మీకు గట్టిగా తోచడానికి కారణం కూడా కొంత తెలిసిందే. 1989లో మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే పరిశోధకులు వేర్వేరు వయసులవారికి వేర్వేరు సంవత్సరాల పాటలు వినిపించి చూస్తే, తమకు దాదాపు 23, 24 ఏళ్లున్నప్పుడు ప్రచారంలో ఉన్న పాటలనే వారు ఎక్కువగా ఇష్టపడ్డట్టు తేలింది. పాట గుణం కంటే విన్న వయసు మనలో అంత లోతుగా పని చేస్తుందన్నమాట. మీ అమ్మాయి ఆ వయసు వైపు ఇప్పుడే అడుగులు వేస్తోంది. ఈరోజు తను వింటున్న పాటలు మీ వయసు వచ్చేసరికి తనను ఏడిపించే పాటలు కావచ్చు, వాటి వెంట అమ్మ అన్న మాట కూడా గుర్తుకు రావచ్చు.

కాబట్టి ముందు ఆ పిల్లకు క్షమాపణ చెప్పండి, దాన్ని పెద్ద ఉపన్యాసం చేయకుండా రెండే వాక్యాల్లో చెప్పండి. తరువాత వారానికి ఒక్కటంటే ఒక్క పాట, తనకు ఇష్టమైనది, మీకు వినిపించమని అడగండి. తను వద్దంటే ఆ వారానికి ఊరుకోండి. వినిపిస్తే చివరిదాకా మాట్లాడకుండా వినండి. మీ కాలపు పాటతో పోల్చకండి, పదాలు తెలియడం లేదని అనకండి, రాగం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకండి. పన్నెండేళ్లుగా పాటల గురించి రాస్తున్న మీకు ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. అయిపోయాక, ఇందులో నీకు బాగా నచ్చిన చోటు ఏది అని మాత్రం అడగండి. ఆ జవాబులో మీ అమ్మాయి గురించి, ఏడాదిపాటు తలుపు తట్టినా తెలియని సంగతి ఏదైనా దొరకవచ్చు. ఇయర్‌ఫోన్ల విషయంలో మీరు పట్టుబట్టవలసింది శబ్దం గురించి ఒక్కటే: పెద్దలకు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్స్ వద్ద అంతే సమయం అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి. చాలా ఫోన్లలో ఆ పరిమితిని పెట్టుకొనే సౌకర్యం ఉంటుంది.

మీ నోటుపుస్తకాన్ని ఎవరి కోసమూ మానేయకండి. అది మీది. ఒక చిన్న మార్పు మాత్రం సూచిస్తాను. ఇంతవరకూ మీరు అందులో పాట ఎలా ఉంది, సినిమా ఎలా ఉంది అని రాసుకొని ఉంటారు. ఇకమీద వాటి కింద మరో వాక్యం చేర్చండి: అది వింటున్నప్పుడు ఎవరు గుర్తుకు వచ్చారు, ఆ సమయంలో ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారు. అభిమానం లోతుగా ఉన్న చాలామంది తమకు కలిగే భావాలన్నిటినీ పాట ఖాతాలోనో సినిమా ఖాతాలోనో జమ చేసి, ఆ భావం అసలు ఎవరికి చెందినదో మరచిపోతారు. మీకు కూడా అలా జరిగి ఉండవచ్చు. అందుకే నాన్నగారి కోసం వచ్చిన ఏడుపు మీకే వేరే ఎవరిదోలా కనబడింది. వీలైతే ఒక రాత్రి పాట గురించి కాకుండా నాన్నగారి గురించే రాయండి. ఎన్ని పేజీలు వస్తే అన్ని రాయండి.

ఈ ఏడుపు నెలల తరబడి తగ్గకపోతే ఏం చేయాలో కూడా చెప్పాలి. ఆప్తులు పోయి 12 నెలలు దాటిన తరువాత కూడా, కనీసం గత నెల రోజులుగా దాదాపు ప్రతిరోజూ ఆ మనిషి కోసం తీవ్రమైన తపన ఉండి, దానివల్ల పనీ బంధాలూ దెబ్బతింటుంటే, దాన్ని దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతగా పరిశీలించాలని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో తన నిర్ధారణ గ్రంథంలో చేర్చింది. మీరు చెప్పిన లక్షణాలు ఆ స్థాయిలో లేవు. కానీ నాన్నగారి తలంపు ఇప్పుడు మొదలై అలా రోజూ వేధించినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి.

ఆ గాయకుడి పాటలు మళ్లీ వినడానికి తొందర లేదు. మనసు సిద్ధమైందనిపించిన రోజున, రాత్రి ఒంటరిగా కాకుండా పగటి వేళ, నాన్నగారు మీకు మొదట వినిపించిన పాటనే ఎంచుకోండి. మీవారిని పక్కన కూర్చోమనండి; పాట నచ్చాలన్న షరతు లేకుండా, కూర్చుంటే చాలని ముందే చెప్పండి. మధ్యలో ఏడుపు వస్తే పాట ఆపి ఏడవండి, మిగతా సగం మరో రోజు వినవచ్చు. మీ అమ్మాయి కూడా వచ్చి కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. వాళ్ల తాతగారు ఆ పాటను ఎప్పుడు, ఎలా వినిపించారో తనకు చెప్పగలిగింది మీరొక్కరే.