ఎస్టోనియాను బయటికి తెచ్చిన ప్రభుత్వాధినేతను అక్కడ జాతిపితలా ఎందుకు చూడరు?

మీరు అడిగింది ఇదీ: 1990 ఏప్రిల్ నుంచి 1992 జనవరి దాకా ఎస్టోనియాను నడిపింది ఎడ్గార్ సావిసార్ ప్రభుత్వం. దేశం సోవియట్ యూనియన్ నుంచి విడిపోయింది ఆ కాలంలోనే. మరి ఆయన పేరెత్తితే ఎస్టోనియా వాళ్లు ఎందుకు మొహం అదోలా పెడతారు?

నేను 2014లో చదువుకని రాజధాని టాలిన్ వెళ్లి, ఉద్యోగం దొరికి ఆరేళ్లు ఉండిపోయాను. ఆయన పేరు మొదటిసారి విన్నది బస్సు కార్డు తీసుకునేటప్పుడు. టాలిన్ నివాసిగా పేరు నమోదు చేయించుకుంటే సిటీ బస్సులూ ట్రాములూ ఉచితం. ఆ పద్ధతి 2013 జనవరి 1న మొదలైంది, అప్పటి మేయర్ సావిసారే. నా క్లాస్‌మేట్ ఒకడు ఆ కార్డు చూసి "ఓహో, సావిసార్ గారి దయ" అన్నాడు. అందులో వెటకారమే ఎక్కువ. ఓట్ల కోసం ఊరికే పంచే నాయకుడు కాబోలు, మనకు కొత్తేముంది అనుకుని ఊరుకున్నాను.

అసలు కథ మా ఓనరమ్మ చెప్పింది. టాలిన్‌లో కలమాయా అనే పేటలో పాత చెక్క ఇల్లు ఆవిడది, నేను పై వాటాలో ఉండేవాణ్ణి. చలికాలం కట్టెలు పైకి మోసిపెట్టినందుకు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి మాట్లాడేది.

1990 మార్చిలో అక్కడి శాసనసభ అయిన సుప్రీం సోవియట్‌కి ఎన్నికలు జరిగాయి. కొత్త సభ మార్చి 30న, ఇక్కడ సోవియట్ అధికారం మొదటి నుంచీ అక్రమమేననీ, స్వాతంత్ర్యానికి మారే దశ మొదలైందనీ తీర్మానించింది. ఏప్రిల్ 3న, స్వాతంత్ర్యం కోరే ఉద్యమ సంస్థ పాపులర్ ఫ్రంట్ నాయకుడు సావిసార్‌ను ప్రభుత్వాధినేతగా ఎన్నుకున్నారు. మే 8న 'సోవియట్ సోషలిస్టు' తీసేసి దేశం పేరును ఎస్టోనియా రిపబ్లిక్‌గా మార్చారు. ఇది నచ్చని ఇంటర్‌మూవ్‌మెంట్ వాళ్లు, ఎక్కువగా రష్యన్ మాట్లాడే ఫ్యాక్టరీ కార్మికులు, మే 15న ప్రభుత్వం కూర్చునే టూంపియా కోటను ముట్టడించి లోపలి ప్రాంగణంలోకి చొరబడ్డారు. సావిసార్ రేడియోలోకి వచ్చి, "టూంపియాపై దాడి జరుగుతోంది, మళ్లీ చెబుతున్నాను, టూంపియాపై దాడి జరుగుతోంది" అన్నారు.

ఓనరమ్మ అప్పుడు పొయ్యి దగ్గర ఉందట. పొయ్యి ఆర్పిందో లేదో కూడా గుర్తులేదంది. గుట్ట మీదికి వేలమంది పరుగెత్తారు. ఇంటర్‌మూవ్‌మెంట్ వాళ్లు మధ్యలో ఇరుక్కుపోయారు. అప్పుడు ఏమైనా జరగొచ్చు. కానీ జనం రెండు వైపులా జరిగి దారి ఇచ్చారు, వాళ్లు ఆ దారిలోంచి నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయారు. ఒక్క దెబ్బ కూడా పడలేదని చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో గర్వం వినాలి.

ఇలాంటి రోజులు నాలుగైదే. మిగతా రెండేళ్లూ ఆ ప్రభుత్వం చేసింది బోరు కొట్టే పని, నా దృష్టిలో అసలు గొప్పతనం అక్కడే ఉంది. దేశం ఇంకా రాలేదు, కానీ దేశం చేయాల్సిన పనులన్నీ మొదలెట్టేశారు. రష్యా వైపు సరిహద్దులో చెక్‌పోస్టులు పెట్టి, వాలంటీర్లను నిలబెట్టి, సరుకులు అటు తరలిపోకుండా చూశారు. మాస్కో లెక్కలో ఆ సరిహద్దే లేదు! సబ్సిడీలు తగ్గించి తిండి సరుకుల ధరలు పెంచారు, తిట్లు తిన్నారు. 1991 మార్చి 1న సోవియట్ మిలీషియా పోయి సొంత పోలీసు వచ్చింది. రచయిత, డాక్యుమెంటరీలు తీసే మనిషి లెన్నార్ట్ మెరిని విదేశాంగ మంత్రిని చేస్తే, గుర్తింపు లేని దేశం తరఫున ఆయన రాజధానుల చుట్టూ తిరిగాడు. తర్వాత అధ్యక్షుడయ్యాడు. ఇదంతా జరుగుతున్నప్పుడు సోవియట్ సైన్యం అదే దేశంలో బ్యారక్స్‌లో కూర్చుని ఉందని మర్చిపోకండి.

1991 జనవరి 13న లిథువేనియా రాజధాని విల్నియస్‌లో సైన్యం జనాన్ని చంపింది. తర్వాతి వంతు తమదేనని టూంపియా దారుల్లో పెద్ద పెద్ద బండరాళ్లు అడ్డం పెట్టారు. అదే రోజు రష్యా నాయకుడు యెల్ట్సిన్ టాలిన్ వచ్చి ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా అనే బాల్టిక్ దేశాల పక్షాన నిలబడ్డాడు. మార్చి 3న రెఫరెండం పెట్టారు. రష్యన్ మాట్లాడే వాళ్లతో సహా నివాసులందరికీ ఓటు ఇచ్చినా 77.8 శాతం స్వాతంత్ర్యానికే పడ్డాయి.

ఆగస్టులో మాస్కోలో సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్‌ను దించే కుట్ర జరిగింది. ఆ సందు చూసుకుని 20వ తేదీ రాత్రి పదకొండు దాటాక సభ 69 ఓట్లతో స్వాతంత్ర్యం ప్రకటించింది. మర్నాడు సైనికులు టీవీ టవర్ మీదికి వస్తే పైన ఉండి అడ్డుకున్న ఇద్దరూ పోలీసులే, మార్చిలో మొదలైన ఆ కొత్త పోలీసు శాఖ వాళ్లు. ప్రకటన ఒక్క రాత్రిది. దాన్ని నిలబెట్టే మనుషుల్ని అంతకు ముందే తయారు చేసి ఉంచారన్నమాట.

మాస్కో సెప్టెంబర్ 6న ఒప్పుకుంది, భారత్ 9న గుర్తించింది. అప్పటి ప్రధాని మన పీవీ. మన దేశం బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్‌కి తాకట్టు వెళ్లిన ఏడాది అది. మరుసటి ఏడాది అదే బ్రిటన్, యుద్ధానికి ముందు ఎస్టోనియా దాచుకుని, తాను మధ్యలో అమ్మేసుకున్న బంగారానికి సరిపడా బంగారం తిరిగిచ్చింది. ఈ సంగతి చదివినప్పుడు కాసేపు నవ్వుకున్నాను.

ఇంత చేసిన ప్రభుత్వం స్వాతంత్ర్యం వచ్చాక ఆరు నెలలు కూడా నిలవలేదు. రష్యా నుంచి చమురు రావడం తగ్గిపోయింది. ఆ చలికాలం గురించి అడిగితే ఓనరమ్మ టూంపియాలా ఉత్సాహంగా చెప్పదు. కూపన్లు, ఖాళీ షాపులు, గడ్డకట్టిన గదులు. మా చిన్నప్పుడు అమ్మ డబ్బా పట్టుకుని కిరోసిన్ క్యూలో నిలబడేదని చెబితే, "మీకు క్యూ చివర కిరోసిన్ ఉండేది కదా" అంది. 1992 జనవరిలో సావిసార్ ఆర్థిక ఎమర్జెన్సీ అధికారాలు కావాలన్నారు. సభలో మద్దతు సరిపోలేదు, రాజీనామా చేశారు. సొంత డబ్బు క్రోన్ జూన్‌లో వచ్చింది, తీట్ వాహి ప్రభుత్వంలో. పది రూబుళ్లకు ఒక క్రోన్, మనిషికి 1500 రూబుళ్ల దాకా. విత్తింది ఒకరు, కోసుకున్నది ఇంకొకరు.

అయితే మొహం అదోలా పెట్టడానికి కారణం ఆ చలికాలం ఒక్కటే కాదు. 1995లో సావిసార్ హోం మంత్రిగా ఉండగా రాజకీయ నాయకుల మాటల రహస్య రికార్డింగుల గొడవ బయటపడి పదవి పోయింది. మేయర్‌గా ఉండగా లంచం ఆరోపణలు వచ్చి 2015లో పక్కన పెట్టారు, చివరికి ఆరోగ్యం బాగా లేదని కోర్టు ఆయనపై విచారణ ఆపేసింది. 2022 డిసెంబర్‌లో చనిపోయారు. ఎస్టోనియన్లలో చాలామందికి ఆయన గుర్తుండిపోయింది ఈ రెండో సగంతో.

రష్యన్ మాట్లాడే వాళ్ల దగ్గర లెక్క వేరు. ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడిది లాస్నామాయే అనే పేట. వరస అపార్ట్‌మెంట్లు, ఎక్కువ మంది రష్యన్ మాట్లాడేవాళ్లు. వాళ్ల నాన్న 1990 మే 15న టూంపియా ప్రాంగణంలో ఉన్నాడట, ఆ జనం ఇచ్చిన దారిలోంచే బయటికొచ్చాడట. పౌరసత్వం రాలేదు, చేతిలో బూడిదరంగు పాస్‌పోర్టు. అలాంటి వాళ్లకు అక్కడ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు గానీ, మునిసిపల్ ఎన్నికల్లో 2025 దాకా ఉండేది. ఆ ఓటు ప్రతిసారీ సావిసార్‌కే వేశాడు. ఆ రోజు మీ మీదికి జనాన్ని పిలిచింది ఆయనే కదా అని అడిగించాను. "తెలుసు, కానీ ఆ తర్వాత మాతో మాట్లాడింది కూడా ఆయనొక్కడే" అన్నాడట.

ఓనరమ్మ మాత్రం ఆయనకు ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. రేడియో పిలుపు విని పరుగెత్తిన మాట చెప్పడం మాత్రం మానలేదు.